నాటుకున్న కొమ్మ

సిద్ధప్ప అయ్యవారి దగ్గర సెలవు తీసుకుని వెళ్ళే శిష్యులెవరూ ఉత్త చేతులతో వెళ్ళేవారు కాదు. అయ్యవారు ఇచ్చేది విభూతీ కాదు, తాయెత్తూ కాదు. ఆయన పెరట్లో గిలకబావి పక్కన ఒక పన్నీరు గులాబీ చెట్టు ఉండేది. పొద్దున విచ్చి మర్నాటికి రాలిపోయే పువ్వు, కానీ ఆ ఒక్కరోజూ వీధి మలుపు దాకా వాసన. అయ్యవారు పెన్సిలంత లావున్న కొమ్మను ఏటవాలుగా కోసి, ఆకులు దూసి, తడిగుడ్డలో చుట్టి వెళ్ళేవాళ్ళ చేతిలో పెట్టేవారు. పెడుతూ అందరికీ అవే మాటలు చెప్పేవారు. "రెండు కణుపులు మట్టిలోకి పోవాల, రెండు పైన ఉండాల. ఎండ తగలనీయొద్దు. చిగురేసిందని మురిసిపోవద్దు, కొమ్మలో దాగిన తేమకు కూడా చిగురొస్తుంది. వేరుందో లేదో అని పీకి మాత్రం చూడొద్దు." ఆ చెట్టు ఆయన గురువు ఇచ్చిన కొమ్మేనని, ఆ గురువు పెరట్లో ఇప్పుడు ముళ్ళ కంప తప్ప ఏమీ లేదని అందరికీ తెలుసు.

మదనపల్లెకు పడమర, కొండల మొదట్లో ఉన్న చిన్న పల్లె అది. ఒకప్పుడు పున్నమి పున్నమికీ అయ్యవారి వసారాలో తత్వాలు పాడేవాళ్ళకు కూర్చునే చోటు చాలేది కాదు. రానురాను ఒక్కొక్కరే తగ్గి, చివరికి ఓబులేశు ఒక్కడు మిగిలాడు. వాయల్పాడు బజారులో కుట్టుమిషను పెట్టుకుని బతికినవాడు. ఒక పున్నమికి పాట వినడానికని వచ్చి, మళ్ళీ వెనక్కి పోలేదు. అప్పటినుంచీ అయ్యవారికి సంగటి కెలికి పెడుతూ, బట్టలుతుకుతూ, ఆయన చెప్పిన మాట వింటూ, చెప్పని మాట కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడు.

ఆ ఏడు అయ్యవారికి ఉబ్బసం ముదిరింది. గులాబీ చెట్టుకూ తెగులు తగిలింది. కొమ్మల కొసలు నల్లబడి, ఆ నలుపు కిందికి దిగుతూ వచ్చింది. ఓబులేశు నల్లబడిన మేరకు కోసి, కోసినచోట పసుపు మెత్తి చూశాడు. మరుసటి వారానికి నలుపు ఆ పసుపు కిందినుంచే మళ్ళీ మొదలయ్యేది. మిగిలిన పచ్చకొమ్మల్ని కుండీల్లో గుచ్చితే అవీ నల్లబడి కూలబడ్డాయి. ఇక అందులో గుచ్చడానికి పనికొచ్చే కొమ్మ లేదని తెలిసిన రోజు అతను కుండీలన్నీ బావి పక్కన బోర్లించేశాడు.

ఆ మధ్యాహ్నం అయ్యవారి వీపుకు తైలం రాస్తూ, ఎన్నాళ్ళగానో నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అడిగేశాడు.

"సామీ, మీలో ఉండేది నాలోకి వచ్చిందో లేదో నాకెట్లా తెలుస్తుంది?"

అడిగాక అతనికే భయం వేసింది. నిజానికి కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడల్లా అతనికి లోపల వెలుగూ కనబడలేదు, నాదమూ వినబడలేదు. కుట్టుమిషను చప్పుడొకటే వినబడేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వచ్చినదేదీ లేకపోతే, వదిలేసి వచ్చినదంతా ఎందుకు వదిలినట్టు? ఆ లెక్క తేలకుండానే అయ్యవారు వెళ్ళిపోతారేమోనని అతని బెంగ.

అయ్యవారు చాలాసేపు ఆయాసపడి, ఊపిరి అందాక పెరటి వైపు చూశారు. "ఇంతమందికి కొమ్మలిస్తిని. ఒక్కటన్నా నాటుకుందేమో పోయి చూసిరా, ఓబులేశూ. నాటుకోనుంటే ఒక పుల్ల అడిగి తీసుకరా" అన్నారు. అడిగినదానికి అదే జవాబో, జవాబు దాటేశారో అతనికి అర్థం కాలేదు. పక్కింటి ముసలమ్మకు అయ్యవారిని అప్పజెప్పి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు.

మొదట మదనపల్లెలో గంగిరెడ్డి దగ్గరికి పోయాడు. అయ్యవారి శిష్యుల్లో అందరికంటే పేరు తెచ్చుకున్నవాడు గంగిరెడ్డి. ఇప్పుడు అతనికే శిష్యులున్నారు, చలువరాళ్ళు పరిచిన హాలుంది, మైకుంది. హాలు ముందర రెండు వరసల్లో గులాబీలు పిడికిలంత పిడికిలంత ఎర్రగా పూసి ఉన్నాయి. ఓబులేశు ప్రాణం లేచి వచ్చింది. వంగి ఒక పువ్వు వాసన చూశాడు. తడి కాగితం వాసన తప్ప ఏమీ లేదు.

"అది మొదటి ఎండాకాలమే పాయె, ఓబులేశూ," అన్నాడు గంగిరెడ్డి లోపలికి పిలిచి, కాఫీ ఇప్పించి. "ఇవి బెంగుళూరు నర్సరీవి. వచ్చేవాళ్ళకు మాత్రం అయ్యవారి కొమ్మనుంచి వచ్చినవనే చెప్తాండా."

"అట్లా చెప్పొచ్చునా అన్నా?"

"ఏం చెప్పమంటావు? అయ్యవారిచ్చింది నా చేతిలోనే ఎండిపోయిందని చెప్పమంటావా? మొదట్లో నాకూ నిద్రపట్టేది కాదు. తర్వాత చూస్తే ఎవరూ వాసన చూడరబ్బా. దండం పెట్టుకోని పోతారు." ఆ మాట అంటున్నప్పుడు గంగిరెడ్డి నవ్వాడు గానీ, కళ్ళు మాత్రం గుమ్మం వైపే ఉన్నాయి. ఓబులేశు లేచేటప్పుడు చెయ్యి పట్టుకుని, "ఎవరి దగ్గరన్నా దొరికితే నాకూ ఒక పుల్ల పంపిస్తావా?" అని నెమ్మదిగా అడిగాడు.

అక్కడినుంచి పుంగనూరు. ఆసుపత్రిలో నర్సుగా చేసి మానుకున్న సాలమ్మక్క ఆ ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. అయ్యవారి మాట చెవినపడితే చాలు కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి. ఓబులేశు ఎందుకొచ్చాడో చెప్పగానే ఆమె ముఖం వాడిపోయింది. కలబంద గుజ్జు పూసిందట. తేనెలో ముంచిందట. ఫోనులో ఎవరో చూపించారని ఉర్లగడ్డకు, అదే బంగాళాదుంపకు, బెజ్జం చేసి అందులో గుచ్చి నాటిందట. తేమ పోకుండా దానిమీద సగానికి కోసిన నీళ్ళ బాటిలు బోర్లించిందట. చిగురేసింది. ఎర్రటి చిన్న చిగుర్లు, పసిబిడ్డ గోళ్ళ మాదిరి.

"ఆ చిగురు చూసి నేను పొద్దుపొద్దున్నే లేచి దండం పెట్టుకుంటా ఉంటిని నాయనా. ఇన్నాళ్ళకు నా బతుక్కు ఒక గుర్తు దొరికిందనుకుంటి. అయ్యవారు పీకి చూడొద్దన్నారు, నిజమే. కానీ నమ్మకం కుదరక ఒకనాడు రవ్వంత పైకెత్తి చూసినా. వేరు లేదు. మళ్ళీ పెట్టినా. మర్నాడు మళ్ళీ చూసినా. చూడకుండా ఉండలేకపోతి." ఆమె గొంతు తగ్గింది. "నేను పీకబట్టి పోయిందో, పీకకపోయినా పోయేదో, ఆ ఒక్కటి నాకు చెప్పగలరేమో అయ్యవారిని అడుగు."

అడుగుతానని చెప్పాడు ఓబులేశు. అడగనని అతనికి అప్పుడే తెలుసు. ఆ తర్వాత పోయిన ఇళ్ళలో చాలామందికి కొమ్మ సంగతే గుర్తులేదు. ఒకాయన ఇల్లు కట్టేటప్పుడు ఇసుక కింద పడిపోయిందన్నాడు. ఒకాయన అసలు బస్సులోనే మరిచిపోయానని, ఇన్నేళ్ళూ అయ్యవారికి చెప్పడానికి సిగ్గుపడ్డానని చెప్పి, ఇప్పుడు కూడా చెప్పొద్దని బతిమాలాడు. బస్సు కిటికీ పక్కన కూర్చుని గుట్టలను చూస్తుంటే ఓబులేశుకు దుఃఖం కూడా రాలేదు. బావిలో చేద దింపుతూ ఉంటే తాడు అయిపోతున్నది గానీ నీళ్ళు తగలడంలేదు. అట్లా ఉంది అతని లోపల.

మిగిలింది ఒక్క చెంగల్రాయుడు. కలికిరి దాటాక రోడ్డు దిగి, వేరుశెనగ చేల మధ్య నడిచి పోవాల్సిన ఊరు. అతను పోయి ఏడాది దాటిందని, చేలో గుండె పట్టేసి పడిపోయాడని ఓబులేశుకు తెలుసు. అయినా ఓబులేశు బయల్దేరడానికి కారణముంది. చెంగల్రాయుడు బతికుండగా ప్రతి ఏడూ తువ్వాలు నిండా పన్నీరు గులాబీలు తెచ్చి అయ్యవారి పాదాల దగ్గర పోసేవాడు. అవి ఎక్కడివని ఎవరూ అడగలేదు. కొన్నవేమో అనుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పువ్వు ఆ చుట్టుపక్కల అంగళ్ళలో అమ్మగా ఎవరూ చూడలేదు. ఈ ఆలోచన తట్టినప్పటినుంచి ఓబులేశు దాదాపు పరుగులాంటి నడక నడిచాడు.

ఇంటిముందు చెంగల్రాయుడి భార్య రెడ్డెమ్మ శెనక్కాయలు వలుస్తూ ఉంది. అయ్యవారి దగ్గరినుంచి వచ్చానని చెప్పగానే ఆమె చేతులు ఆగాయి. తల ఎత్తి పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత లేచి, చెంబుతో నీళ్ళిచ్చి, "ఎండన పడి వచ్చినావు. తిన్నాక మాట్లాడు" అని లోపలికి పోయింది. సంగటి ముద్ద, శెనక్కాయల ఊరిబిండి పచ్చడీ పెట్టింది. అతను తింటున్నంతసేపూ గుంజకు ఆనుకుని చూస్తూ నిలబడింది. చెయ్యి కడుక్కున్నాక ఓబులేశు గులాబీ కొమ్మ సంగతి అడిగాడు.

"ఉండె," అంది రెడ్డెమ్మ. "నాటుకునింది. వాకిలి పక్కనే. నా తలకంటే ఎత్తు పెరిగింది. ఆయప్ప దానికి చేసిన సేవ ఇంట్లో మనిషికి చేసింటే బాగుండు."

ఓబులేశు చుట్టూ చూశాడు. వాకిలి పక్కన ఒక గుంత ఉంది. దాని అంచున మట్టి ఇంకా కొత్తగా, ఎర్రగా ఉంది.

"పోయిన నెల తవ్వేసినా."

ఓబులేశు గుంత దగ్గరికి పోయి గొంతుక్కూర్చుని చేత్తో మట్టి కెలికాడు. ఒక్క వేరుముక్క దొరికినా చాలు, ఒక్క పుల్ల.

"వెతకొద్దు నాయనా. పుల్లా పుడకా లేకుండా నీళ్ళపొయ్యిలో పెట్టినా. వేర్లు ఇంతింత పొడుగు," అని మోచేతిదాకా చూపించింది. "తవ్వేదానికి నాకు ఒక పూట పట్టింది."

"ఎందుకమ్మా?" అన్నాడు ఓబులేశు. కోపంగా అడగాలనుకున్నాడు. ఏడుపులా వచ్చింది.

రెడ్డెమ్మ మళ్ళీ కూర్చుని చేటను ముందుకు లాక్కుంది. శెనక్కాయలు వలుస్తూనే చెప్పింది. ఆమె చూపు అతనివైపు లేదు. "అది పూసినప్పుడల్లా ఆయప్పకు మీ అయ్యవారు గుర్తొస్తాడు. పూసినవి పూసినట్లు తువ్వాలులో పోసుకోని పోతే వారమో, పక్షమో. చేను ఎండినా సరే, గొడ్డు ఈనినా సరే. నేను పురిటి నొప్పులు పడతాండా, ఆ పొద్దు చెట్టు విరగబూసింది. సాయంత్రానికి వచ్చేస్తానని పాయె. ఆ రోజుల్లో సాయంత్రం బస్సు లేదు. ఉన్నా వచ్చేవాడు కాదులే. బిడ్డ పుట్టింది. రెండు దినాలుండింది. మూడోనాడు ఈయప్ప పాట పాడుకుంటా వచ్చినాడు. పాతిపెట్టినామని చెప్తిని. ఏమన్నాడో తెలుసా? 'రెడ్డెమ్మా, వచ్చిందెవరు, పోయిందెవరు, మనదేది?' అన్నాడు."

అది అయ్యవారి మాట. పున్నమినాడు తంబుర కింద పెట్టేముందు ఆయన అనే చివరి మాట. ఆ మాట విన్నప్పుడల్లా వసారా అంతా ఒక్క నిట్టూర్పు విడిచేది. ఓబులేశు వాయల్పాడుకు తిరిగి పోకపోవడానికి మొదటి పున్నమినాడు విన్న ఆ మాటే కారణం.

"ఆ మాట మీ అయ్యవారు చెప్పిందేనా?" అంది రెడ్డెమ్మ.

"ఆయన చెప్పిందేనమ్మా."

"మంచిమాటే అయ్యుంటుంది. నేను కాదనలేదు. బిడ్డను పాతిపెట్టినవాళ్ళకు చెప్పే మాట కాదు." చేటలో కాయలు చెరిగి పొట్టు ఎగరేసింది. "ఆయప్ప ఉన్నన్నాళ్ళు చెట్టు జోలికి పోలేదు. పోయినాక కూడా ఊరుకుందామనే అనుకుంటి. సంవత్సరీకం నెలలో మళ్ళీ పూసింది. తీసుకోని పోయేవాడు లేడు కదా, పూలన్నీ చెట్టుమీదనే. తలుపు మూసినా వాసన నేను పడుకునే చోటికి వస్తుంది. ఎన్ని దినాలని ఓర్చుకునేది?"

ఊరి వెనక ఎక్కడో గొర్రెలు అరుస్తున్నాయి. ఇక పోవాలని ఓబులేశుకు తెలుసు, అయినా గుంత పక్కనే కూర్చుని ఉన్నాడు. అప్పుడు రెడ్డెమ్మ మొదటిసారి అతని ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉండుంటే అతనికి తేలిగ్గా ఉండేది.

"నీకు పెండ్లాముందా, నాయనా?"

"ఉంది."

"యాడుంది?"

"వాయల్పాడులో."

"ఆమెకు చెప్పే వచ్చినావా?"

ఓబులేశుకు అలివేలు గుర్తొచ్చింది. ఆ పొద్దు గుమ్మంలో నిలబడి, రాత్రికి వంకాయ కూర చెయ్యనా, చిక్కుడుకాయ చెయ్యనా అని అడిగిన అలివేలు. ఏదో ఒకటి చెయ్యమని చెప్పి వచ్చాడు. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అట్లాగే ఉండిపోయింది. తర్వాత ఆమె రెండుసార్లు పల్లెకు వచ్చింది. రెండుసార్లూ అతను కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు, తెరవలేదు. ఆమె వసారా కింద కాసేపు నిలబడి పోయిందని అడుగుల చప్పుడును బట్టి తెలుసుకున్నాడు. ఆ మిషను ఇప్పుడు ఆమే తొక్కుతున్నదని ఎవరో చెబితే, మంచిదే అనుకుని ఊరుకున్నాడు.

రెడ్డెమ్మ జవాబు కోసం కాసేపు చూసింది. తర్వాత, "పొద్దు గూకకముందే రోడ్డెక్కు. చివరి బస్సోడు చీకట్లో నిలపడు" అని చేట తీసుకుని లోపలికి పోయింది.

బస్సు వాయల్పాడు మీదుగానే పోతుంది. స్టాండులో ఆగినప్పుడు ఓబులేశు లేచాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టాడు కూడా. బజారు అట్లాగే ఉంది. సందు మొదట్లో దీపాలు పెడుతున్నారు. దిగి పోతే ఏం చెప్పాలి? ఏమీ దొరకలేదని చెప్పాలా? దొరుకుతుందని పోయానని చెప్పాలా? అట్లా ఖాళీ చేతుల్తో పోయి ఆమె వాకిట్లో నిలబడటానికీ, దొంగతనం చేసినవాడు సొత్తు కూడా పోగొట్టుకుని రావడానికీ ఏం తేడా? కండక్టరు "దిగుతావా, దిగవా?" అని కసిరాడు. ఓబులేశు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. బస్సు కదిలాక కిటికీలోంచి సందువైపు చూడాలనుకుని, చూడలేకపోయాడు.

పల్లె చేరేసరికి అయ్యవారి ఆయాసం ఇంకా పెరిగి ఉంది. మర్నాడు ఉదయం, గోడకు దిండ్లు ఆనించి కూర్చోబెట్టాక ఆయన అడిగారు.

"చూసినావా?"

దారిపొడుగునా ఓబులేశు ఒక అబద్ధం కుట్టుకుంటూ వచ్చాడు. అందరి ఇండ్లలోనూ చెట్లు బాగున్నాయని, ఇది కొమ్మ కోసే కాలం కాదని, శ్రావణంలో తెస్తానని. "అందరూ బాగున్నారు సామీ" అని మొదలుపెట్టాడు.

"మనుషుల సంగతి అడగలేదు."

ఆ ఒక్క మాటకే కుట్టుకున్నదంతా ఊడిపోయింది. గంగిరెడ్డి సంగతి చెప్పాడు. సాలమ్మక్క సంగతి చెప్పాడు. బస్సులో మరిచిపోయినవాడి పేరు చెప్పకుండా సంగతి చెప్పాడు. అయ్యవారు దేనికీ కదలలేదు. చెంగల్రాయుడి కొమ్మ నాటుకుందని చెప్పినప్పుడు మాత్రం ఆయన దిండు మీదినుంచి తల ఎత్తారు. ముఖంలో ఎన్నడూ లేని ఆత్రం కనబడింది. ఓబులేశు ఆపకుండా తక్కినది కూడా చెప్పాడు. పురుడు, బిడ్డ, మూడోనాటి మాట, తవ్విన గుంత, నీళ్ళపొయ్యి. తంబుర కింద పెట్టేముందు చెప్పే మాటను రెడ్డెమ్మ నోట విన్నట్లే మళ్ళీ పలికాడు. అయ్యవారు మెల్లగా తల వెనక్కి వాల్చారు. తర్వాత చెయ్యి చాచి ఓబులేశు మణికట్టు పట్టుకున్నారు. ఆ వేళ్ళలో బలం లేదు.

"ఆ తల్లి నిన్నేమీ అడగలేదా?"

ఇది ఒక్కటీ దాచుకుందామనుకున్నాడు ఓబులేశు. దాగలేదు.

"అడిగింది సామీ. అలివేలుకు చెప్పి వచ్చినావా అని."

"ఏం చెప్పినావు?"

"ఏమీ చెప్పలేదు."

అయ్యవారు కళ్ళు మూసుకున్నారు. మూసుకున్న రెప్పల కిందినుంచి నీళ్ళు జారి గడ్డంలోకి ఇంకిపోయాయి. తుడవడానికి ఓబులేశు తువ్వాలు తీశాడు గానీ, ఆయన మణికట్టు వదల్లేదు.

"నన్నూ ఒకామె ఇదే మాట అడిగింది, ఓబులేశూ," అన్నారు. "నేనూ ఏమీ చెప్పలేదు."